బిగింపు బాబాయ్

మా ఉప్పాడలో ముడి వెయ్యడం రానివాడు లేడు. విప్పడం రానివాడు మాత్రం ఒకడున్నాడు, బిగింపు బాబాయ్. అసలు పేరు రేషన్ కార్డులో ఉంది. ఆ కార్డు ట్రంకుపెట్టెలో ఉంది. ఆ పెట్టె తాళం పట్టేసి మూడేళ్లయింది.

ఇలాంటివాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. ఆవకాయ జాడీకి వాళ్లు వాసెన కడితే మళ్లీ మామిడికాయలు వచ్చేదాకా అది రాదు. పెళ్లిపందిరి వాళ్ల చేత కట్టిస్తే, పెళ్లికూతురు పురిటికొచ్చేనాటికి కూడా రాటలు వాకిట్లోనే ఉంటాయి. పాపం, బుద్ధి చెడ్డది కాదు. ఊడిపోతుందేమోనన్న బెంగ. ఊడదీయాల్సిన రోజొకటి వస్తుందన్న సంగతే వాళ్ల పంచాంగంలో ఉండదు.

బాబాయ్‌కి మొదట్లో ఓ చిన్న పాత ఇంజనుండేది. అలాంటి చిన్నవాటిలో ప్రొపెల్లర్‌ని పట్టుకునేది షాఫ్టులోంచి అడ్డంగా దూర్చిన మెత్తటి పిన్ను. రెక్క రాయికి కొట్టుకుంటే పిన్ను విరిగి, లోపలి గేర్లు బతుకుతాయి. ‘విరిగేదాన్ని పిన్నంటార్రా?’ అని బాబాయ్ దాని స్థానంలో గట్టి ఉక్కు ఊచ దిగ్గొట్టాడు. రాయి తగిలింది. గేర్లు పిండయ్యాయి. ఆ ఊచ పట్టుకుని ‘చూశారా, చెక్కుచెదర్లేదు!’ అంటూ వాడంతా తిరిగాడు.

ఇప్పుడున్నది ఫైబర్ బోటు, 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజను. దీని ప్రొపెల్లర్‌ది సాదా సంసారం. పళ్లున్న షాఫ్టు మీదకి ప్రొపెల్లర్ ఎక్కుతుంది. అటో వాషరు, ఇటో వాషరు. ఆపైన కిరీటంలా గాడులు తీసిన నట్టు. ఆ గాడిలోంచి షాఫ్టు చిల్లులో దూరే స్ప్లిట్ పిన్ను. నట్టు వెనక్కి తిరగకుండా కాపలా కాసేది ఆ పిన్నే. కొసలు కాస్త విడదీసి వంచితే చాలు. నడిసముద్రంలో కూడా ఒక కటింగ్ ప్లేయరు, ఒక పానాతో విప్పుకునేలా చేశారు. బాబాయ్‌కి నచ్చనిది సరిగ్గా అదే.

‘అంత సుళువుగా ఊడేది ఊడకుండా ఎలా ఉంటదిరా?’

పానాకి మూరెడు గొట్టం తొడిగి దానికి వేలాడాడు. పిన్ను బదులు మేకు కొట్టి, కొస మడిచి, పైన బైండింగ్ వైరు ఏడు చుట్లు చుట్టాడు. షాఫ్టుకి గ్రీజు రాయమంటే ‘జారిపోద్ది’ అన్నాడు. చివర్న ఒక వాషరు మిగిలింది. ‘కంపెనీవోడు మంచోడ్రా, ఒకటి ఎక్కువిచ్చాడు’ అని మొలతాడుకి కట్టుకున్నాడు.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది. జూన్ 14 దాకా 61 రోజులు బోట్లన్నీ ఒడ్డునే. ఇంజను చూడమని కాకినాడ నుంచి మెకానిక్‌ని పిలిచాం. అతను చుట్టూ తిరిగి చూసి, ‘బాబాయ్ గారూ, దీన్నుంచి ప్రొపెల్లర్ తియ్యడం కన్నా ప్రొపెల్లర్ నుంచి ఇంజను తియ్యడం తేలికండి’ అన్నాడు.

వైరు కోసి, మేకు కోసి, నట్టు విప్పేసరికి మధ్యాహ్నం. అయినా ప్రొపెల్లర్ కదల్లేదు. అల్యూమినియం రెక్క, ఉక్కు షాఫ్టు, మధ్య ఉప్పునీళ్లు, గ్రీజు లేదు. రెండూ అన్నదమ్ముల్లా కలిసిపోయాయి, మా ఊళ్లో అన్నదమ్ములు కలవకపోయినా. సాయంత్రానికి ఊడితే, వెనక షాఫ్టు చుట్టూ వల నైలాన్ దారం. ఆయిల్ సీలు తెగి, నీళ్లు దూరి, గేరాయిల్ పాలెక్కువైన టీలా ఉంది.

మళ్లీ బిగించేటప్పుడు అతను బాబాయ్‌ని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఇంజను ఆపే తాడు క్లిప్పు పీకాడు, న్యూట్రల్లో పెట్టాడు, ప్లగ్గు వైర్లు తీసేశాడు. ‘రెక్క చేత్తో తిప్పినా ఒక్కోసారి ఇంజను అందుకుంటదండి. వేళ్లు పోతాయి’ అన్నాడు. నీటికి కొట్టుకుపోని గ్రీజు రాశాడు. మొలతాడు వాషరు అడిగి మరీ తీసుకున్నాడు. రెక్కకీ పై ప్లేటుకీ మధ్య చెక్కముక్క అడ్డం పెట్టి నట్టు బిగించి, గాడి చిల్లుకి ఎదురు రాగానే కొత్త స్టెయిన్‌లెస్ పిన్ను దూర్చి కొసలు వంచాడు. అంతే.

ఆడపిల్లని ఒంటిపేట గొలుసుతో అత్తారింటికి పంపుతున్నవాడిలా చూశాడు బాబాయ్.

వెళ్తూ మెకానిక్ ఓ ప్లాస్టిక్ కవరిచ్చాడు. అందులో నాలుగు పిన్నులు, ఒక నట్టు, పానా, ప్లేయరు. ‘ఎప్పుడూ బోట్లోనే ఉంచండి.’

నిషేధం తీరాక మొదటి వేటలోనే తెగిపోయిన వల ముక్కొకటి ప్రొపెల్లర్‌కి చుట్టుకుంది. ఇంజను ఆపి పైకెత్తాం. కవరు బోట్లోనే ఉంది. బల్ల కింద, మూడు రకాల తాళ్లతో, ముడి మీద ముడి వేసి. నేను గోళ్లతో లాగాను, పళ్లతో లాగాను.

‘కోసేద్దాం. కత్తేది బాబాయ్?’

‘జారి నీళ్లలో పడద్దని దాన్నీ కవర్లోనే పెట్టానురా.’