పని మెట్టు మైనస్ ఒకటి

గచ్చిబౌలిలో ఒక టీమ్‌కి తమ యాప్‌లో అక్షరదోషం దొరికింది. బటన్ మీద మాటలో ఒక అక్షరం ఎగిరిపోయింది. దిద్దడం రెండు నిమిషాల పని. అయితే టికెట్ లేకుండా కోడ్ ముట్టుకోకూడదు కనుక ముందు టికెట్ పుట్టాలి. ప్రయారిటీ ఎంత, సివియారిటీ ఎంత, ఏ కాంపోనెంటు, ఏ రిలీజు, ఏ ఎపిక్ కింద చేర్చాలి, బిజినెస్ వాల్యూ ఎంత? నక్షత్రం గుర్తున్న గడి ఒక్కటి ఖాళీగా వదిలినా తెర ఎర్రబడుతుంది. బిజినెస్ వాల్యూ దగ్గర ఆ కుర్రాడు 5 కొట్టాడు. మూడంటే ఏ స్ప్రింట్‌లోకీ ఎక్కదు, ఎనిమిదంటే ఎందుకని మీటింగు పెడతారు. అయిదు క్షేమం.

అక్షరం దిద్దాడు, లైవ్‌లోకి పంపాడు, ఇంటికి పోయాడు. టికెట్‌ని ‘డన్’ వరసలోకి లాగడం మాత్రం మరిచాడు. మర్నాడు పొద్దున స్టాండప్. నిలబడి పదిహేను నిమిషాల్లో ముగించాల్సిన ఆ సమావేశంలో అందరూ కూర్చున్నారు, సగం మంది మ్యూట్‌లో ఉన్నారు, నలభయ్యో నిమిషం నడుస్తోంది.

“బ్రో, ఆ స్పెల్లింగ్ టికెట్ ఇంకా ఇన్ ప్రోగ్రెస్‌లోనే ఉందేంటి?”

“నిన్ననే అయిపోయింది అన్నా. లైవ్‌లో కూడా వచ్చేసింది.”

“లైవ్ సంగతి నాకెందుకు బ్రో? బోర్డు మీద రాలేదు కదా. మేడమ్ మధ్యాహ్నం రిపోర్టు తీస్తారు.”

ఆ అన్నని తప్పుపట్టి లాభం లేదు. మేడమ్ ఆయన్ని అడిగేది బోర్డు గురించే. మేడమ్‌ని పైవాళ్ళు అడిగేది డాష్‌బోర్డు గురించే. ఆ పైన ఉన్నవాళ్ళకి యాప్‌లో అలాంటి బటన్ ఒకటుందన్న సంగతే తెలియదు.

నిజానికి ఈ గోలంతా దీనికి సరిగ్గా వ్యతిరేకమైన మాటతో మొదలైంది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో పదిహేడు మంది చేరి, సాఫ్ట్‌వేర్ ఎలా తయారుచేయాలో చెప్పే ఎజైల్ మ్యానిఫెస్టో రాశారు. అందులో మొట్టమొదటి విలువే, పద్ధతులకంటే పనిముట్లకంటే మనుషులూ వాళ్ళు కలిసి మాట్లాడుకోవడమూ ముఖ్యమని. మరుసటి ఏడాది, 2002లో, సిడ్నీ కుర్రాళ్ళిద్దరు పెట్టిన అట్లాసియన్ నుంచి జిరా వచ్చింది. బగ్గులు రాసుకునే చిట్టా అది. పదిమంది టీమ్‌కి అంతకంటే మేలైన చిట్టా అక్కర్లేదు కూడా. ఏది చెడింది, ఎవరు చూస్తున్నారు, ఎక్కడిదాకా వచ్చింది అని నిజాయితీగా చెప్పేది. ఒక టీమ్ వంద టీమ్‌లయ్యాక, ఆ వందా ఏం చేస్తున్నాయో కుర్చీలోంచి లేవకుండా చూడాలని పెద్దలకు కోరిక పుట్టాక వచ్చింది చిక్కు.

కోరిక పుడితే తీర్చేవాళ్ళకు కొదవా? 2011లో సేఫ్ అనే చట్రం దిగింది. 50 నుంచి 125 మందిని కలిపి ‘రైలు’ అన్నారు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలకొకసారి ఆ రైలు మొత్తాన్నీ రెండు రోజులు హాల్లో కూర్చోబెట్టి పీఐ ప్లానింగ్ అన్నారు. రాబోయే మూడు నెలలూ గోడ మీద అంటించడానికి ఇంతమంది అవసరమైన పద్ధతికి కూడా ఎజైల్ అనే పేరు! మ్యానిఫెస్టో మీద సంతకం చేసిన డేవ్ థామస్ 2014లో ఎజైల్ చచ్చిపోయిందని రాశాడు. మరో సంతకందారు రాన్ జెఫ్రీస్ 2018లో డెవలపర్లు దాన్ని వదిలేయడం మంచిదన్నాడు. రాసినవాళ్ళలోనే ఇద్దరు దణ్ణం పెట్టి తప్పుకున్నారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మాత్రం ఎజైల్ కొత్త బ్యాచ్ సోమవారం మొదలు.

జిరాలో మెట్ల వరస చూశారా? స్టోరీ, అంటే వాడేవాడికి పనికొచ్చే ఒక చిన్న పని, సున్నా మెట్టు. దాని పైన ఎపిక్, ఒకటో మెట్టు. స్టోరీ కింద సబ్‌టాస్క్, అంటే ఎవరో ఒకరు నిజంగా కూర్చుని చేసే పని. దాని మెట్టు మైనస్ ఒకటి. నా కల్పన కాదు, సెట్టింగుల పేజీలో ఆ అంకె అలాగే ఉంటుంది. పై మెట్లు కావాలా? ప్రీమియం కట్టండి. ఎపిక్ మీద ఇనిషియేటివ్, దాని మీద థీమ్, ఆ పైన మీ ఊహకెంత అందితే అంత. కిందికి మాత్రం సబ్‌టాస్క్ తర్వాత ఇంకో మెట్టు ఉండదు. ఎక్కేవాళ్ళ కోసం కట్టిన మేడలో మోసేవాడికి సెల్లారే.

ఇక స్టోరీ పాయింట్లు. ఒక టీమ్ తనలో తాను వేసుకునే అంచనా అది. 1, 2, 3, 5, 8, 13 అని ఫిబొనాచి వరసలో ఎడం పెంచుకుంటూ పోయింది కూడా, పని పెద్దదయ్యేకొద్దీ మన అంచనా మోటుగా ఉంటుందని ఒప్పుకోవడానికే. కాబట్టి ఒక టీమ్ అయిదూ పక్క టీమ్ అయిదూ ఒకటి కావు. అన్ని టీమ్‌లనూ ఒకే పటంలో చూడాలనే పోర్ట్‌ఫోలియో వాళ్ళకి ఈ మాట చేదు. అన్నీ కూడితేగాని మొత్తం రాదు, మొత్తం రాకపోతే చార్టు రాదు. అందుకు సేఫ్ ఒక ఉపాయం చెప్పింది: రెండు వారాల విడతకి డెవలపర్‌కీ టెస్టర్‌కీ తలా ఎనిమిది పాయింట్లతో మొదలుపెట్టండి, సెలవు రోజుకొకటి తీసెయ్యండి. రోజులు లెక్కపెట్టొద్దని పాయింట్లు కనిపెట్టి, ఆ పాయింటుని మళ్ళీ రోజుకే కట్టేశారన్నమాట! పాయింట్లను తానే కనిపెట్టి ఉండొచ్చనీ, అదే నిజమైతే ఇప్పుడు విచారిస్తున్నాననీ అదే జెఫ్రీస్ రాసుకున్నాడు. వెలాసిటీ, అంటే విడతకి పూర్తిచేసే పాయింట్లు, పెంచమని ఒత్తిడి చేసి చూడండి, రెండు స్ప్రింట్లలో పెరుగుతుంది. నిన్నటి మూడుని ఇవాళ అయిదంటే సరి.

ఆ కూడిక మీద జిరాలో ‘ఆటో షెడ్యూల్’ అని ఒక మీట. ఊహించిన సైజు, ఊహించిన కెపాసిటీ, ఊహించిన వరస తీసుకుని అది తేదీలు పరుస్తుంది. మూడు ఊహలు కలిసి తేదీ అయ్యాక, దాన్ని ఇంకా ఊహే అన్నవాడికి ఓనర్‌షిప్ లేదంటారు.

తేదీ తప్పుతుందని కింద అందరికీ తెలుసు. మరి స్టేటస్‌లో ఎరుపు పెట్టరేం? పెడితే సాయం రాదు, రోజువారీ కాల్ వస్తుంది. ‘పాత్ టు గ్రీన్’ అని స్లైడు అడుగుతారు. కాబట్టి టీమ్ దగ్గర ఎరుపు, లీడ్ దగ్గర పసుపు, ప్రోగ్రామ్ దగ్గర లేత పచ్చ, పోర్ట్‌ఫోలియో దగ్గర చిలకపచ్చ. పుచ్చకాయ స్టేటస్ అని పరిశ్రమే పేరు పెట్టుకుంది. వేసవిలో రోడ్డు పక్కన పుచ్చకాయలమ్మేవాడు కత్తితో చిన్న ముక్క కోసి, ఎరుపు చూపించాకే డబ్బులడుగుతాడు. ఇక్కడ కాయ కొయ్యడమే నేరం.

కోసి చూసే చోటు వేరే ఉంది. రాత్రి ఎనిమిదిన్నరకి టెక్సాస్‌తో కాల్, అందరూ ఇంగ్లిష్‌లో ‘ఆన్ ట్రాక్’ అంటారు. కాల్ ముగియగానే అవతల ఆన్‌సైట్ తెలుగాయన ఇవతలి తెలుగాయనకి వాట్సాప్‌లో మెసేజ్ పెడతాడు: “తమ్ముడూ, నిజంగా ఎక్కడున్నాం?” రెండు నిమిషాల వాయిస్ నోట్‌లో జవాబు. అసలు పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంటు అంటే ఆ వాయిస్ నోటే. దానికి లైసెన్సూ లేదు, సర్టిఫికెట్టూ లేదు.

2022 ఏప్రిల్‌లో అట్లాసియన్ వాళ్ళే మెయింటెనెన్స్‌లో పొరపాటున 775 మంది కస్టమర్ల సైట్లు తుడిచేశారు. కొందరికి తిరిగి రావడానికి పద్నాలుగు రోజులు పట్టింది. ఆ రోజుల్లో అక్కడ పని ఎంత ఆగిందో, ఎంత జరిగిందో ఏ డాష్‌బోర్డూ చెప్పలేదు. చెప్పాల్సిన డాష్‌బోర్డే పోయింది కదా. టీమ్‌లు మాత్రం మనుషులుగా మిగిలే ఉన్నాయి, లేచి పక్క సీటు దగ్గరికి వెళ్ళి అడగడానికి ఏ అడ్డంకీ లేకుండా.

ఇప్పుడు ఏఐ వచ్చింది. ఒక్క వాక్యం చెబితే టికెట్‌ని ఒక పేజీకి సాగదీసి రాసిపెడుతుంది. ఆ పేజీ చదివే ఓపిక మేనేజర్‌కి ఉండదు గనుక, అదే ఏఐ మళ్ళీ ఒక్క వాక్యానికి కుదించి పెడుతుంది. రాసేది అదే, చదివేది అదే, స్టేటస్ రిపోర్టు అల్లేదీ అదే. చేసేదెవరని చూస్తే, అసైనీ గడిలో ‘అన్‌అసైన్డ్’ అని ఉంది.