రహస్యం మాట: జొన్నరొట్టె

(మక్తల్‌. పడమటి ఆంజనేయస్వామి గుడి దారిలో ఒక అరుగు. సర్వజ్ఞం సార్ రిటైరైనంక పాఠం ఆపలేదు, పిల్లలే ఆగిపోయిన్రు. అవ్వ చింతపండు పిక్కలు తీస్తున్నది. పూణెల పనిజేసే మనవడు జాతరకొచ్చి, యాపచెట్టు కింద లైవ్‌ల ఉన్నడు.)

మనవడు: హాయ్ ఫ్రెండ్స్! అగో, మా అవ్వ. ఇయ్యాలనే పింఛన్ 2,016 పడ్డది!

సార్: విన్నవా అవ్వా? గొంతు, ఊరు, పైసలు, అన్నీ దొంగల చేతుల పెట్టిండు. ఇప్పుడు కొన్ని సెకండ్ల గొంతు దొరికితే చాలు, మిషను నకలు దించుతది. 2023ల హైదరాబాద్‌ల 59 ఏండ్ల ఆమెకు కెనడాల ఉన్న మేనల్లుడే చేసినట్టు ఫోనొచ్చింది. యాక్సిడెంటయ్యింది, జైల్లేస్తరు, ఎవ్వరికీ చెప్పొద్దన్నడు. వాళ్లింట్ల మాట్లాడే పంజాబీ, అచ్చం అదే. 1.40 లక్షలు పోయినయి.

అవ్వ: ఎవ్వరికి జెప్పొద్దన్నడా? మావోడు కాలుకు ముల్లిరిగితే ఊరంత ఇనబడేటట్టు ఏడుస్తడు. జెప్పొద్దన్నోడు దొంగనే.

సార్: అట్ల ఊహలతోటి కాదు. శాస్త్రీయంగ ఇంటికొక రహస్యం మాట పెట్టుకోవాలె. పెట్టేసిన: జొన్నరొట్టె. అందరికీ యాదుండాలెనని మన బంధువుల గ్రూపుల ఏసిన. 214 మంది చూసిన్రు.

(అవ్వ ఫోను మోగింది. కొత్త నెంబరు.)

ఫోను: అవ్వా, నేనే! పూణెల పోలీసోళ్లు పట్టిన్రు. యాబై వేలు పంపు. ఎవ్వరికి జెప్పకు. జొన్నరొట్టె!

సార్: మాట కలిసింది! పంపు, పంపు!

అవ్వ: యాబై వేలా? నా రెండేండ్ల పింఛను. ఆగు సారూ.

(ఫోను కట్ జేసింది. గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకున్న మనవని నెంబరు ఒక్కొక్క అంకె చూసుకుంట నొక్కింది. యాపచెట్టు కింద ఫోను మోగింది.)

మనవడు: అవ్వా! లైవ్ చెడగొట్టినవ్ గదా!

అవ్వ: నువ్వు జైల్ల ఉన్నవంట బిడ్డ. అన్నం దిన్నవా?

సార్: పైసలు పోతే సైబర్ నేరాల నెంబరు 1930కి ఫోన్ చెయ్యాలె. ఎంత జల్ది చేస్తే అంత...

అవ్వ: పోలే గద సారూ. ముందుగాల ఆ రొట్టెను గ్రూపులకెల్లి తీసెయ్యి.

సార్: ఎప్పుడో తీసిన. కొత్త మాట సద్దరొట్టె. అప్పుడే 60 మంది చూసిన్రు.