అవగాహన నూటికి నూరు

కౌన్సెలింగ్, ఆరోగ్య విద్య అనేవి ఎన్నడూ విఫలం కాని వైద్య విధానాలు. మాత్ర వికటించవచ్చు, టీకా పనిచేయకపోవచ్చు. అవగాహన సదస్సు మాత్రం జరిగిందంటే దిగ్విజయంగానే జరుగుతుంది. దాన్ని కొలిచే పద్ధతి అటువంటిది.

మొదటి కొలత హాజరు. సంతకాల రిజిస్టరు, ఫ్లెక్సీ ముందు తీసిన ఫోటో, టీ బిస్కెట్ల బిల్లు ఫైల్లో చేరితే కార్యక్రమం ఫలించినట్టే. రెండో కొలత కాస్త శాస్త్రీయం: ఉపన్యాసానికి ముందొక ప్రశ్నపత్రం, తరవాత మళ్లీ అదే. టీబీ దేనివల్ల వస్తుందంటే పొద్దున తెలియదన్నవాడు మధ్యాహ్నానికి సూక్ష్మజీవి అంటాడు. అరగంట కిందట విన్నది అప్పజెప్పగలగడమే ఆరోగ్యమని ఈ శాస్త్రం నమ్మిక. ఆ మనిషి ఆరు నెలలూ మాత్రలు మింగాడా అన్నది వేరే రిజిస్టరు సంగతి.

ఇంతకంటే కఠినమైన కొలతలు లేక కాదు. తమిళనాడులోని తిరువళ్లూరు ప్రాంతం ఇంకా చెంగల్పట్టు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1968లో, అక్కడ బీసీజీ టీకాను పరీక్షకు పెట్టారు. సుమారు 2.8 లక్షల మందిలో కొందరికి అసలు టీకా, కొందరికి ఉత్తుత్తి మందు. ఎవరికేది పడిందో వేసినవారికీ తెలియదు, వేయించుకున్నవారికీ తెలియదు. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి ఎక్స్‌రేలు తీశారు, తెమడ పరీక్షించారు. పెద్దవారికి ఊపిరితిత్తుల టీబీ రాకుండా ఆ టీకా అడ్డుకోలేదని తేలింది. తేలినదాన్ని తేలినట్టే లోకానికి చెప్పేశారు. (పసిపిల్లలకు వచ్చే తీవ్రమైన టీబీ నుంచి అది కాపాడుతుంది గనుక ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు.) టీకాను ఇంత నిలదీసిన గడ్డమీద ఉపన్యాసాన్ని మాత్రం చప్పట్లతో సరిపెట్టారు.

1999లో అదే తిరువళ్లూరులో డాట్స్ వచ్చింది. మాటమీద నమ్మకం పెట్టుకోకుండా, రోగి ఎదుటే నిలబడి మాత్ర మింగించే పద్ధతి అది. అయినా కొందరు మధ్యలో మానేశారు. 2000 నాటి రోగుల లెక్కలు తీసి చూస్తే, మానేసినవారిలో మగవారు, మాత్రలు సరిగా వేసుకోనివారు, ఇదివరకే ఓసారి చికిత్స పొందినవారు, తాగుడు అలవాటున్నవారు ఎక్కువ. ఇంకో వర్గం కూడా ఉంది: ఇంటింటి సర్వేలో పట్టుబడ్డవారు. దగ్గు బాధించి ఆసుపత్రికి తానే నడిచి వచ్చినవాడికి చెప్పిన మాట చెవికెక్కుతుంది. పనికి పోబోతున్నవాణ్ణి గడపలో ఆపి నీకు టీబీ ఉందంటే, ఆ మాట గడప దగ్గరే ఆగిపోతుంది. ఇదివరకే చికిత్స పొందినవారి సంగతి మరీ చిత్రం. మిగతావారికంటే హితబోధ ఎక్కువ విన్నది వారే.

తిరువళ్లూరు జిల్లాలోనే ఉన్న తిరుత్తణిలో చిక్కు మరొకటి. ఈ ఊరు 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. అంతకుముందు బడికి పోయిన ముసలివారిలో చాలామందికి చదవడం వస్తే తెలుగే వచ్చు. వారి చేతికి తమిళ కరపత్రం ఇస్తే బుద్ధిగా పుచ్చుకుని, మడిచి, వక్కాకు పొట్లానికి దాచుకుంటారు. మూల్యాంకనంలో అది 'పంపిణీ అయినది' గడిలో పడుతుంది. పళ్లిపట్టు వైపు మగ్గాలవారు ఆ గడిలోనూ ఉండరు. పూట పని మానుకుని సదస్సుకు వస్తే ఆ పూట కూలి ఎవరిస్తారు? రానివారిని లెక్కలోకి తీసుకోరు కాబట్టి శాతం ఎప్పుడూ బాగానే కనబడుతుంది.

తాగుడు మానమని చెప్పే కౌన్సెలింగ్‌ను కొలవడం అన్నిటికంటే సులువు, ఎందుకంటే కౌన్సెలరును పెట్టేదీ ప్రభుత్వమే, దుకాణం నడిపేదీ ప్రభుత్వమే. తమిళనాట 2003 నుంచి మద్యం చిల్లర అమ్మకం ప్రభుత్వ సంస్థ టాస్మాక్‌దే. అక్కడ ఏ రోజుకారోజు అమ్మకాలు పైసలతో సహా లెక్కకు వస్తాయి. ఏ ఊళ్లో కౌన్సెలింగ్ జరిగిందో, మరుసటి నెల ఆ ఊరి దుకాణంలో అమ్మకం ఎంత తగ్గిందో చూస్తే సరిపోతుంది. ముందొక ప్రశ్నపత్రం, తరవాతొక ప్రశ్నపత్రం అక్కర్లేదు. ఇబ్బందల్లా ఒక్కటే. అమ్మకం తగ్గితే ఆరోగ్య శాఖ హర్షిస్తుంది, దుకాణం సూపర్‌వైజరు సంజాయిషీ రాసుకోవాల్సి వస్తుంది.