పాదభంగ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: శార్వరి నామ సంవత్సరం ఫాల్గుణం, అంటే 2021 మార్చి. ఉగాది ఇంకా మూడు వారాలుండగానే ఇల్లాలు బూజుకర్ర చేతికిచ్చింది. కవి పీట ఎక్కాడు. దిగడం మాత్రం అతని చేతిలో లేకపోయింది. మర్నాడు, మార్చి 23న, సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ అనే ఓడ అడ్డం తిరిగి ఇసుకలో కూరుకుపోయింది. ఈ రెండు ఘట్టాలనూ ఒక్క ఆటవెలదిలో బిగించిన కవీ, ఈ వ్యాఖ్యాతా ఒక్కరే కనుక మూలానికీ వ్యాఖ్యకూ తగవు లేదు. తగవులన్నీ ఇంట్లోనే.

బూజు దులుప నెక్కి ముక్కాలిపీటపై
కాలు మెలిక పడగ కట్టి రయ్య;
ఓడ యచట చిక్కె నొడ్డుల నడుమను
మంచ మెక్కి నేను మధ్యవర్తి!

టీక: బూజు = సాలెపురుగు ఏడాది కష్టార్జితము; దులుపన్ = దులుపుటకు; ముక్కాలిపీటపై = మూడు కాళ్ల పీట మీద (తరువాత చేతికర్రతో కవికీ మూడు కాళ్లే అయినవి; కనుక ఇది సాభిప్రాయ ప్రయోగము); ఎక్కి = అధిరోహించి; కాలు = ఎడమ పాదము, విశేషించి చిటికెనవేలి వెనుకనున్న పొడుగు ఎముక; మెలిక పడగన్ = లోపలికి తిరిగిపోగా; కట్టిరి = పిండికట్టు వేసిరి; అయ్య = పాదపూరణము (పాదము విరిగినవాడు పాదపూరణము చేసికొన్నచో లాక్షణికులు తప్పు పట్టరాదు); ఓడ = 400 మీటర్ల నావ; అచట = ఈజిప్టునందు; ఒడ్డుల నడుమను = ముక్కు తూర్పు గట్టునా, తోక పడమటి గట్టు వైపునా ఉండగా; చిక్కెన్ = ఇరుక్కొనెను; మంచము ఎక్కి = పడకజేరి; నేను = కవి; మధ్యవర్తి = నడుమ నున్నవాడు. తగవు తీర్చువాడని రూఢి. చివరి పాదంలో సమాపక క్రియ లేదేమని శంక. కదలిక లేనివాడికి క్రియ ఎక్కడిదని సమాధానం.

తాత్పర్యం: కాలున్నవాణ్ణి పట్టుకోవడం కష్టం, కాలు విరిగినవాడు ఎప్పుడూ దొరుకుతాడు. పొలం గట్టు విషయంలో రెండేళ్లుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న తమ్ముడూ, చిన్నాన్న కొడుకూ పరామర్శకని వేరువేరుగా వచ్చి, మంచం పక్క కుర్చీలో కూర్చుని మొత్తం కథ మొదటినుంచీ చెప్పారు. కవి లేచిపోలేడు కనుక విన్నాడు. ఎదురుగా టీవీలో ఓడ కనిపిస్తోంది. దాని వెనక వందల ఓడలు బారులు తీరి ఉన్నాయి. ఇరుక్కున్న ఓడలో 25 మంది మనవాళ్లేనని తెలిసి అమ్మ ఓడకు కూడా దిష్టి తీయాలంది.

విశేషాలు: పాదంలో 26 ఎముకలు. ఎక్కడ విరిగినా ఇంట్లోవాళ్లకు 27వ అభిప్రాయం ఉంటుంది. మేనత్త పుత్తూరు కట్టే కట్టించాలని పట్టుబట్టింది. అక్క నల్లేరు పచ్చడి పంపింది. వజ్రవల్లి అని దానికి పేరు, ఎముకలు అతుకుతాయని వాడుక. నల్లేరు మీద బండి నడక అంటారు గానీ, తిన్నవాడి నడక సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంగ్లండులో రాబర్ట్ జోన్స్ అనే శస్త్రవైద్యుడు నాట్యం చేస్తూ ఈ ఎముకే విరగ్గొట్టుకుని, 1902లో ఆ విరుపును లోకానికి వర్ణించాడు. అక్కడి విరుపుకు నేటికీ జోన్స్ పేరే. నాట్యంలో విరిగితే శాస్త్రంలో పేరు వస్తుంది, బూజు దగ్గర విరిగితే చుట్టాల్లో వస్తుంది.

ఓడా కవీ బింబప్రతిబింబాలు కనుక ఇది దృష్టాంతాలంకారం. భేదం ఒక్కటే. ఇసుక తవ్వి, టగ్గు పడవలతో లాగి, ఫాల్గుణ పౌర్ణమి పోటు సాయం కూడా కలిశాక మార్చి 29న ఓడ తేలింది. కవి తేలడానికి 6 వారాలు పట్టింది. ఆ ఉగాదికి మొదలైన సంవత్సరం పేరు ప్లవ, అంటే తెప్ప. పంచాంగకర్తలకు ఓడ సంగతి ముందే తెలుసని నాన్న వాదన.

గట్టు తగవు సంగతి: మూడో విడతకు ఇద్దరూ ఒకే సాయంత్రం వచ్చారు. ఉన్నది ఒక్క కుర్చీ. తమ్ముడు మంచం చివర, పిండికట్టు పక్కన కూర్చున్నాడు. చెప్పిందే చెప్పి ఇద్దరికీ విసుగొచ్చింది. సర్వేయరును పిలుద్దామని వాళ్లే అనుకున్నారు. కవి తీర్పేమీ చెప్పలేదు. గట్టు తగవుకు కావలసింది న్యాయం తెలిసినవాడు కాదు, మధ్యలో లేచిపోనివాడు అని వ్యాఖ్యాత సిద్ధాంతం. ఆ రెండేళ్లూ కాళ్లు బాగున్న కవి ఏం చేశాడని అడగరాదు. 

పాఠాంతరం: ఇల్లాలి పాఠంలో చివరి పాదం 'మంచ మెక్కి మీరు మంచివారు' అని ఉంది. గణాలు సరిపోయాయి, యతి సరిపోయింది. కట్టు విప్పి నెలైంది. నిన్న తమ్ముడు ఫోను చేస్తే, పనిలో ఉన్నాను, మళ్లీ చేస్తానన్నాడు కవి. ఆ పాఠాన్నే గ్రహించాలని అప్పటినుంచి ఇల్లాలు గట్టిగా అంటోంది.