హ్రస్వపురుష స్పోరన్ సూత్రానికి టీకా తాత్పర్యం

స్కాట్లాండులో తన పెళ్లికి కిల్టు (మోకాలి దాకా వచ్చే గళ్లబట్ట) కట్టుకోదలచిన మనిషి 5 అడుగుల 4 అంగుళాల దగ్గరే ఎదగడం మానేసినవాడైతే, అద్దె దుకాణంలో అతనికి బట్టలకన్నా ముందు ఉపదేశం దొరుకుతుంది. కొలతల టేపు మెడలో వేసుకున్న ఉపదేశకుడు ఒక అడుగు వెనక్కి వేసి, అతన్ని ఆపాదమస్తకం చూసి (పెద్ద దూరమేమీ కాదు), ‘సంప్రదాయం’ అన్న మాటతో మొదలుపెడతాడు. పావుగంట సాగే ఆ ఉపదేశాన్ని సూత్రంగా కుదిస్తే ఇంతే:

పొట్టివానికి చిన్న స్పోరన్. నడికట్టుకు నాలుగువేళ్ల దిగువన.

ఇంత గంభీరంగా చెప్పే మాటకు వ్యాఖ్యానం లేకపోవడం లోటే. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టినవాడు కోలాచల మల్లినాథసూరి. మెదక్ సీమలోని కొల్చారం ఆయన ఊరంటారు. ఈ వ్యాఖ్యాతకు అలాంటి పట్టింపులేవీ లేవు.

ప్రతిపదార్థం. పొట్టివానికి: స్పష్టం. చిన్న: ఇదీ స్పష్టమే, ఎంత చిన్నదన్నది తప్ప. స్పోరన్: ఇక్కడ ఆగాలి.

గేలిక్ భాషలో ఆ మాటకు డబ్బుసంచి అని అర్థం. కిల్టుకు జేబులుండవు. అందుకని గొలుసూ తోలుపట్టీ నడుముకు చుట్టి, సంచిని బొడ్డు కింద ముందువైపు వేలాడదీస్తారు. దీనికి తెలుగు మాట కోసం నిఘంటువులు తిరగేయనక్కరలేదు: తిత్తి. డబ్బు పోసుకునే తోలుసంచి తిత్తే. మేకతోలును సంచి చేసి, గాలి ఊది, పాటకు శ్రుతి పట్టే మన జానపద వాద్యమూ తిత్తే. అంటే స్కాట్లాండు పెద్దమనిషి నడుమున వేలాడేదీ, చంకన మూలిగే బ్యాగ్‌పైపూ తెలుగులో ఒక్కటే మాట. రెంటికీ వేరువేరు పేర్లు పెట్టుకుని, వేరువేరు నియమాలు రాసుకోవడం ఆ దేశం చేసుకున్న ఖర్మ. మన పంచెకూ జేబులు లేవు. రొంటిన దోపుకుంటే సరిపోయింది. పొట్టివాడి రొంటి ఎంత ఉండాలి, పొడుగువాడి రొంటి ఎంత ఉండాలి అని ఏ పెళ్లిపందిట్లోనూ ఎవరూ వివాదం ఎత్తలేదు.

స్పోరన్లలో జాతిభేదాలు: పగటిపూటకు సాదా తోలుది. రాత్రి విందుకు సీలు చర్మం మీద వెండిపట్టీ, మూడు కుచ్చులు. పైపు వాయించేవాళ్లకూ సైనికులకూ గుర్రపు వెంట్రుకలది. బ్లాక్ వాచ్ దళానికి తెల్లటి వెంట్రుకల మీద ఐదు నల్ల కుచ్చులుండేవి. ఆర్గైల్ అండ్ సదర్లండ్ హైలాండర్స్ దళంలో అధికారులకూ సార్జెంట్లకూ బ్యాడ్జర్ అనే జంతువు తలే స్పోరన్‌కు మూతగా ఉండేది, ముట్టెతో సహా. ఎదుటివాడు మాట్లాడుతున్నది మనిషితోనో బ్యాడ్జర్‌తోనో తేల్చుకోవలసి వచ్చేది.

పూర్వపక్షం. పొట్టివానికి పెద్ద స్పోరనే శోభ అనేవారున్నారు. పెద్దది తగిలిస్తే మనిషికి బరువు వస్తుందని వాళ్ల వాదం. ఇది ఛందస్సు తెలియనివాళ్ల మాట కాదు, సగం తెలిసినవాళ్ల మాట. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుంది. ‘స్పో’ సంయుక్తాక్షరమే. కాబట్టి స్పోరన్‌ను ఆనుకుని నిలబడ్డ పొట్టిమనిషి, తాను కదలకుండానే, గురువైపోవాలి. వాదం ముచ్చటగా ఉంది. అయితే ఆ నియమం ఒకే పదంలోనో, సంస్కృత సమాసంలోనో చెల్లుతుంది. అచ్చతెలుగు మాట తర్వాత విడిపదంగా వచ్చిన సంయుక్తాక్షరం వెనకటి లఘువును ఏమీ చేయలేదు. మరి స్పోరన్ సమాసమా, విడిపదమా? గొలుసు విప్పితే ఊడి వస్తుంది. కారు నడిపేటప్పుడు, నాట్యమాడేటప్పుడు తుంటి మీదికి జరుపుకుంటారు. విడిపదమే. కనుక పొట్టివాడు పొట్టివాడిగానే మిగిలాడు. శాస్త్రం అతనికి అన్యాయం చేసిందనడానికి లేదు, అసలు అతని జోలికే రాలేదు.

ఇక లెక్క. అతని కిల్టు పైఅంచు నుంచి మోకాలి దాకా సుమారు 21 అంగుళాలు. నడికట్టు చోటు మూడంగుళాలు, దాని కింద నాలుగువేళ్ల ఖాళీ మరో మూడు. మిగిలింది 15. పగటి తోలు స్పోరన్ 8 అంగుళాలుంటే ఇంకా 7 అంగుళాల గళ్లబట్ట లోకానికి కనిపిస్తుంది. గుర్రపు వెంట్రుకలది 18 అంగుళాలుంటే కిల్టు అంచు దాటి, మోకాలు దాటి, మూడంగుళాలు గాలిలో ఊగుతుంది. నడికట్టుకూ మేజోళ్లకూ నడుమ ఉండవలసినదంతా లోపించిన ఈ రూపాన్ని వ్యాకరణం మధ్యమపదలోపి అంటుంది.

కాబట్టి సూత్రం నిజమే. పొట్టివానికి చిన్నదే తగును. కోపం వచ్చేది ఆ తర్వాత.

చిన్నది అడిగితే దుకాణంవాడు పిల్లల స్పోరన్ తీసి ఇస్తాడు. పెద్దవాళ్ల సైజు, పిల్లల సైజు. మధ్యలో నలభయ్యేళ్ల పొట్టి మనిషి ఉంటాడన్న సంగతి ఆ అల్మారాకు తెలియదు. పిల్లల స్పోరన్‌లో పిల్లల సామాను పడుతుంది. పెళ్లికొడుకు దగ్గర ఫోను ఉంది, ఇంటి తాళం ఉంది, బ్యాంకు కార్డులున్నాయి, పెళ్లివిందులో చదవవలసిన ప్రసంగం కాగితం ఉంది. ఫోను కంపెనీవాడు పొట్టివానికి పొట్టి ఫోను చేసి ఇవ్వడు. చిన్న మనిషికి చిన్న అవసరాలుంటాయని తీర్మానించిన మహర్షి ఎవరో గాని, ఆయన తాళంచెవులు మోసినవాడు కాదు. వాల్టర్ స్కాట్ 1817లో వెలువరించిన ‘రాబ్ రాయ్’ నవలలో నాయకుడి స్పోరన్ మూతలో పిస్తోలు దాగి ఉంటుంది. అది కవి కల్పనేం కాదు. నాలుగు పిస్తోళ్లు దాచిన స్పోరన్ మూతపట్టీ ఒకటి ఎడిన్‌బరోలో స్కాట్లాండు జాతీయ మ్యూజియం సేకరణలో ఉంది. వెనకటివాళ్లు మూతలోనే నాలుగు పిస్తోళ్లు ఇమిడ్చారు. ఇప్పటివాళ్లకు సంచిలో ఒక్క ఫోను పట్టించడం చేతకాలేదు, పైగా దీని పేరు సంప్రదాయం.

ఆ మాట మళ్లీ వచ్చింది గనుక వ్యాఖ్యాత కాసేపు అక్కడే చతికిలబడతాడు. స్కాట్లాండులో లేచిన 1745 తిరుగుబాటు అణగిపోయాక, 1746లో బ్రిటిష్ పార్లమెంటు హైలాండు దుస్తులను నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల ఖైదు, రెండోసారి ఏడేళ్ల ద్వీపాంతరం. చట్టం ప్లెయిడ్‌నూ కిల్టునూ భుజపట్టీలనూ పేరుపేరునా చెప్పింది గాని స్పోరన్ పేరెత్తలేదు. గడుసు వకీలైతే అక్కడే కక్షిదారును విడిపించుకుని వచ్చేవాడు. కానీ ఆ వేషానికి చెందిన తక్కినదేదైనా సరే అని చివర తగిలించారు. ఆదిశబ్దం పడ్డచోట అనుక్తమైనదీ గ్రాహ్యమేనని వ్యాఖ్యాతలకు చెప్పాలా? స్పోరనూ నేరమే. మినహాయింపు సైనికులకు మాత్రం. 1782లో గాని నిషేధం తొలగలేదు.

ఆ 36 ఏళ్ల నడుమ, 1754 ప్రాంతంలో, లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టినవాడు కాలిన్ మెకంజీ. నిషేధం తొలగిన మరుసటి ఏడాది, 1783లో, మద్రాసులో దిగాడు. ఏలూరు కావలి బొర్రయ్యనూ ఆయన తమ్ముళ్లనూ వెంటబెట్టుకుని మన ఊళ్ల కైఫీయతులు రాయించాడు. ఏ గుడి ఎవరు కట్టించారు, ఏ మాన్యం ఏ రాజు ఇచ్చాడు, ఏ చెరువు ఎందుకు తెగింది అన్నీ కాగితం మీదికెక్కాయి. థామస్ హికీ 1816లో గీసిన చిత్రంలో ఆయన ఎర్రకోటుతో నిలబడి ఉంటాడు, పక్కన మనవాళ్లు. కిల్టు లేదు. కడప, కర్నూలు సీమల్లో ఊరి పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగి రాయించిన ఈ మనిషికి, తన తాతలు తిత్తిని నడుముకు ఎన్ని వేళ్ల కింద కట్టేవారో చెప్పే స్టోర్నోవే కరణం ఒక్కడూ దొరకలేదు. దొరికి ఉంటే అద్దె దుకాణాలకు ఇంత ధైర్యం వచ్చేదా?

వ్యాఖ్యాత ఎక్కడున్నాడు? నిషేధం తొలగిన 1782లో. అక్కణ్ణుంచి 1822కు రావాలి. ఆ ఆగస్టులో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చాడు. ఉత్సవాన్ని దగ్గరుండి నడిపించిన వాల్టర్ స్కాట్ రాజు చేత కిల్టు కట్టించాడు. రాజుగారిది భారీకాయం. కిల్టు పొట్టిదైంది, దాని కింద గులాబీరంగు మేజోళ్లు బిగిశాయి. లండన్ మాజీ మేయర్ సర్ విలియం కర్టిస్ అనే మరో భారీకాయుడు కూడా అదే వేషంలో ప్రత్యక్షం కావడంతో వ్యంగ్యచిత్రకారులకు పండగైంది. తర్వాత డేవిడ్ విల్కీ గీసిన రాజచిత్రంలో ఆ గులాబీ మేజోళ్లు మాయం, పొట్టా చాలావరకు సర్దుకుంది. మహారాజు సంప్రదాయంలో ఇమడకపోతే కుంచె పట్టి చిత్రాన్ని సవరించారు. 5 అడుగుల 4 అంగుళాలవాడు ఇమడకపోతే మనిషినే సవరించుకోమంటున్నారు.

సూత్రంలో ఇంకో మాట మిగిలింది. నాలుగువేళ్లు: ఎవరివి? మూలం చెప్పదు. మన శుల్బకారులు యజ్ఞవేదికి ఇటుకలు పేర్చేటప్పుడే ఈ చిక్కు విప్పారు. కొలత యజమానిది. అతను చేతులెత్తి నిలబడితే ఎంత ఎత్తో అదే పురుషప్రమాణం. పొట్టి యజమాని వేది పొట్టిగానే ఉండేది, స్వర్గం మాత్రం అతనికీ పూర్తిగానే వచ్చేది. అద్దె దుకాణంలో కొలిచే వేళ్లు ఉపదేశకుడివి. ఆయన ఆరడుగులు దాటిన మనిషి. ఆయన నాలుగువేళ్లతో దిగిన స్పోరన్, నడిచిన ప్రతి అడుగుకూ పొట్టివాడి తొడల మీద దరువేస్తుంది. అడిగితే అది అలాగే ఉంటుందండీ, సంప్రదాయం అంటాడు. స్పోరన్లు కుట్టి దేశదేశాలకు పంపే సియాల్‌కోట్ పనివాళ్లను అడిగితే, ఎన్ని అంగుళాలు చెబితే అన్ని అంగుళాలకు కుట్టి పంపుతారు. వెడల్పు తగ్గించకుండా పొడవు మాత్రం తగ్గించమని చెప్పే నాథుడే లేడు.

తాత్పర్యం. సాదా తోలు స్పోరన్, ఎనిమిది అంగుళాలకు మించని పొడవు, ఫోను అడ్డంగా పట్టేంత వెడల్పు, పొట్టి కుచ్చులు, బిగించిన గొలుసు, సొంత వేళ్లతో సొంత కొలత. ఇలాంటిది ఆ అల్మారాలో లేదు.

కాబట్టి పెళ్లినాటి ఉదయం మన పెళ్లికొడుకు పిల్లల స్పోరన్ ముందు పెట్టుకుని ఫోను ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తాడు. మేజోట్లో దోపుదామంటే కుడికాలి మేజోట్లో స్గియన్ దూ అనే చిన్నకత్తి ముందే ఉంది. ఎడమకాలి మేజోట్లో పెడితే నాట్యంలో జారుతుంది. చివరికి ఫోనూ, తాళమూ, ప్రసంగం కాగితమూ పెళ్లికూతురి చెల్లెలి చేతిసంచిలో చేరతాయి. ఆ అమ్మాయి 5 అడుగుల 1 అంగుళం. అంత ఎత్తుకు ఎంత సంచి తగునో ఆమెకు ఏ దుకాణంవాడూ చెప్పి ఉండడు.