నెర్రెలు చూపించలేకపోయినందుకు

మహారాజరాజశ్రీ కరస్పాండెంట్ గారికి,

ధర్మవరం పక్క పల్లె నుంచి ఒక శెనక్కాయ రైతు నమస్కారాలు. మొన్న శనివారం మీరు రెండు ఏసీ బస్సుల్లో పంపిన ఎనిమిదో తరగతి పిల్లలకు కరువు చూపించలేకపోయాం. తప్పు మాదే. సరిగ్గా వాళ్లొచ్చే రోజుకు ఊరు పచ్చగా ఉంది.

మీ మేడం గారు చాలా నొచ్చుకున్నారు. బస్సు దిగీ దిగగానే "నెర్రెలిచ్చిన నేల ఎక్కడండీ?" అన్నారు. పుస్తకంలో బొమ్మ అదే కదా. మాది ఎర్రనేల మేడం, నెర్రెలివ్వదు, అది నల్లరేగడి గుణం అన్నాను. పోనీ, బక్కచిక్కిన ఎద్దు? ఎద్దుల్ని అమ్మి నాలుగేళ్లయింది. చివరికి ఎండిన బోరు పక్కన మా నాయనను నిలబెట్టి, కాస్త దిగులుగా ఉండమని చెప్పి ఫోటో తీసుకున్నారు. ఆయనకు నవ్వాగలేదు. రెండోసారి తీయాల్సి వచ్చింది.

ఆ తర్వాత పిల్లలతో అన్నారు: "అదృష్టం, ఈ ఏడు వీళ్లకు పంట బాగుంది. రాసుకోండి."

ఏం రాసుకున్నారయ్యా? పునర్వసులో పదునైతే విత్తాం. పూత వచ్చింది. ఊడలు దిగాల్సిన మఖ, పుబ్బల్లో చుక్క రాలలేదు. నేల బిగిస్తే ఊడ లోపలికి పోదు, ఊడ పోకపోతే కాయ లేదు. అంతా అయిపోయాక ఉత్తరలో దంచి కొట్టింది. ఆకు పచ్చబడింది, అంతే. అనంతపురం సగటు వాన 550 మిల్లీమీటర్లని మీ పిల్లలు బట్టీ పట్టి వచ్చారు, గడగడా అప్పజెప్పారు. ఆ వాన ఏ కార్తెలో పడిందో అడిగినవాళ్లు లేరు. మా కరువుకు ఫోటో ఉండదు, చెట్టు పీకి చూడాలి.

పీకింది ఒక పిల్ల, రెండు జడల పిల్ల. వేళ్లు అటూ ఇటూ తిప్పి చూసి "అంకుల్, కాయలేవి?" అంది. మీ బస్సుల డీజిలు ఆ ఒక్క ప్రశ్నతో గిట్టుబాటయింది. కానీ చేతులు మురికి చేసుకున్నావని మేడం గారు కసిరారు.

దాన్ని చూసి ఎనభై మందీ తలా ఒక చెట్టు పీకారు. పీకనీ, పోయేదేముంది అందులో! కానీ చేతులు కడుక్కోడానికి మా వాకిట్లో డ్రమ్ము మూత తీశారే, ఎవరినడిగి తీశారు? ట్యాంకరు నాలుగు రోజులకోసారి వస్తుంది సార్. బస్సు నిండా నీళ్ల సీసాలు పెట్టుకొని మా డ్రమ్ములో ముంచుతారా? అడుగున మిగిలింది మీ డ్రైవరు బస్సు అద్దానికి కొట్టాడు. ఆ రాత్రి మా ఇంటావిడ పక్కింట్లో బిందెడు నీళ్లు అప్పు తెచ్చింది.

చిప్స్ కవర్లు ఇంకా కంచెకు వేలాడుతున్నాయి. ఇక మా నీళ్ల సంగతంటారా, చిత్రావతి ఏటి ఇసుకంతా టౌను మేడలకు తరలిపోయిందనీ, చెలమ తవ్వినా నీరు ఊరడం లేదనీ పిల్లలకు ఎవరైనా చెప్పారో లేదో.

పిల్లల మీద కోపం లేదయ్యా. పంపండి. విత్తే రోజు ఒకసారి, మబ్బుకేసి చూసే ఆగస్టులో ఒకసారి, షావుకారు లెక్క చూసే రోజు ఇంకోసారి. వచ్చిన పిల్లలే మళ్లీ రావాలి. ఆ రెండు జడల పిల్ల తప్పకుండా రావాలి.

నీళ్లు మాత్రం మీరే తెచ్చుకోండి.