మ్యాన్‌హోల్ మూత

ఇసుక లారీ ఒకటి మలుపు తిరగలేక వెనక్కి వచ్చి, మా వీధి మధ్యలో ఉన్న మ్యాన్‌హోల్ మూతను రెండు ముక్కలు చేసి పోయింది. ఒక ముక్క అప్పుడే లోపల పడింది. రెండోది అంచున వేలాడి వేలాడి సాయంత్రానికి అదీ పడిపోయింది. నడిరోడ్డు మీద మనిషి నిలువునా దిగిపోయేంత గొయ్యి మిగిలింది.

వార్డు ఆఫీసుకు ఫోన్ చేస్తే "అది డ్రైనేజీ వాళ్ళదమ్మా" అన్నారు. డ్రైనేజీ వాళ్ళు "పగలగొట్టింది లారీ కదా, రోడ్ల సెక్షన్‌కి చెప్పండి" అన్నారు. ఈ పంపకాలు అన్ని చోట్లా ఉన్నవే. హైదరాబాదులో మురుగు లైన్లు జలమండలి చూస్తుంది, వాననీటి కాల్వలు జీహెచ్ఎంసీ చూస్తుంది. కానీ దారిన పోయేవాడికి ఏ మూత ఎవరిదో ఎలా తెలుస్తుంది? అసలెందుకు తెలియాలి?

కాలనీలో ఒకాయన, ఎవరికైనా అయిదొందలిచ్చి లోపలికి దింపి ముక్కలు తీయిద్దామన్నారు. వద్దంటే వద్దన్నాను. మ్యాన్‌హోల్‌లో విషవాయువు ఉంటే రెండు ఊపిరులకే మనిషి కూలిపోతాడు. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్ని లక్షలిచ్చినా పోయిన మనిషి తిరిగి రాడు.

నా భయమల్లా వాన గురించే. నీళ్ళు నిలిచాయంటే రోడ్డేదో గొయ్యేదో కనబడదు. 2023 ఏప్రిల్ చివర్లో సికింద్రాబాద్ కళాసిగూడలో పొద్దున్నే పాలకోసం బయటికొచ్చిన చిన్నపిల్ల అలాగే నాలాలో పడి ప్రాణం పోగొట్టుకుంది. మా వీధి పిల్లలు బడికి వెళ్ళేదీ వచ్చేదీ ఈ గొయ్యి పక్కనుంచే.

ముందుగా కదిలింది ఇస్త్రీ బండి తాత. తన బండి మీదికి నీడనిచ్చే వేపచెట్టు నుంచి నిండుగా ఆకులున్న కొమ్మ ఒకటి నరికి, గోతిలో నిలబెట్టాడు. కొసకు ఎర్ర గుడ్డ కట్టాడు. కొమ్మ పక్కకు ఒరగకుండా గొయ్యి అంచున ఇటుకలు బిగించాడు. రోజూ రాత్రి ఇంటికి పోయేముందు కొమ్మను ఊపి చూసి, వదులైందనిపిస్తే ఇటుకల్ని కాలితో గట్టిగా తట్టి మరీ వెళ్ళేవాడు. ఆటోలు దూరం నుంచే పక్కకు తప్పుకునేవి. పిల్లలు ఆ కొమ్మను చూసి చుట్టూ తిరిగి పోయేవారు.

"నేను చేయగలిగింది ఇంతేనమ్మా. మూత వేయాల్సింది వాళ్ళే. మీకు ఫోనులో ఫిర్యాదు పెట్టడం వచ్చు కదా, పెట్టండి" అన్నాడు.

ఫోటో తీసి ఫిర్యాదుల యాప్‌లో పెట్టాను. వీధిదీపాలు, చెత్త, దోమలు, కుక్కలు, చెట్లు, డ్రైనేజీ అని వరసగా ఉన్నవాటిలో డ్రైనేజీ నొక్కి, వివరంగా రాశాను: "మ్యాన్‌హోల్ మూత పగిలి లోపల పడిపోయింది. ఎవరూ పడకుండా ప్రస్తుతానికి కొమ్మ పెట్టాం. బడిపిల్లలు తిరిగే దారి. వెంటనే కొత్త మూత వేయించండి." ఫిర్యాదు నంబరు వచ్చింది. కొన్నాళ్ళకు "సంబంధిత విభాగానికి బదిలీ చేయడమైనది" అని మెసేజ్ వచ్చింది. పరుగున వెళ్ళి తాతకు చూపించాను.

"ఏ విభాగమమ్మా?"

"అది రాయలేదు తాతా. డ్రైనేజీ వాళ్ళే అయ్యుంటారు."

"ఎవరైతేనేం, వస్తే చాలు. వాన ముంచుకొస్తోంది" అన్నాడు ఆకాశం వైపు చూస్తూ.

ఆ వాన రానే వచ్చింది. మధ్యాహ్నం మొదలై ఆగకుండా కురుస్తోంది. ఇలాంటి వానలో తాత బండి తీయడు. నేను ఆఫీసులో ఉన్నాను. బడి వదిలే వేళకు కాస్త ముందు ఫోన్ మోగింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది." ఎంత ఊపిరి పీల్చుకున్నానో చెప్పలేను. వాన ఇంకా పెరగకముందే మూత పడిందన్నమాట! తాతకు చెబుదామని యాప్‌లో ఫోటోలు తెరిచాను.

"ముందు" అని ఉన్నదాంట్లో మా గొయ్యి, మా కొమ్మ, ఎర్ర గుడ్డ, ఇటుకలు. నేను పంపిన ఫోటోనే. "తర్వాత" అన్నదాంట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వాననీళ్ళు. ఇంకేమీ లేదు. కింద రెండు వరుసలు రాసి ఉన్నాయి.

"విభాగం: ఉద్యానవనం.

తీసుకున్న చర్య: రోడ్డుకు అడ్డంగా ఉన్న చెట్టుకొమ్మను తొలగించడమైనది."